పరీక్షలో కాలిన రాకెట్ ఇంజన్ ఒకటి మన జిల్లాకు ఇవ్వండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ పదిమందీ వచ్చిపోయే చోట, పరీక్షా వేదిక మీద నిజంగా మండి, పని ముగిశాక పక్కన పెట్టిన రాకెట్ ఇంజన్ ఒకటి శాశ్వత ప్రదర్శనకు ఉంచాలని ప్రభుత్వాన్ని, భారత అంతరిక్ష పరిశోధన సంస్థను కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫైబర్‌తో పోతపోసి రంగులు వేసిన నమూనా మాకు వద్దు. ఆకాశానికి ఎగిరి పేరు తెచ్చుకున్న ఇంజనే కావాలని కూడా అడగడం లేదు. ఎలా కడితే పేలిపోకుండా ఉంటుందో తెలుసుకోవడం కోసం నేల మీద బిగించి కాల్చి చూసిన ప్రయోగ ఇంజన్ అయితే చాలు. పిల్లలకు నిజానికి అదే మేలు. ఎందుకు మేలో వివరించడానికి మీ పత్రికలో కొంత చోటు దయచేయవలసిందిగా మనవి.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో 32 ఏళ్లు భౌతిక, రసాయన శాస్త్రాలు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. చర్య, ప్రతిచర్య పాఠం వచ్చిన ప్రతి ఏడూ తారాజువ్వనే ఉదాహరణగా చెప్పాను. అంతకు మించి చూపించడానికి నా చేతిలో ఏమీ లేదు. ఆ లోటు కొంతైనా తీరుతుందన్న ఆశతో ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలను బస్సు మాట్లాడి ఒక సైన్సు పార్కుకు తీసుకువెళ్లాను. అక్కడ పచ్చిక మధ్య ఎత్తయిన రాకెట్, దాని అడుగున పెద్ద గరాటులా ఇంజన్ నిలబెట్టి ఉన్నాయి. మా కుర్రవాడొకడు దగ్గరికి వెళ్లి ఆ గరాటును వేలి కణుపుతో తట్టాడు. డొల్ల చప్పుడు వచ్చింది. “మాస్టారూ, ఇది ఉత్తుత్తిదండీ” అన్నాడు. అంచు పగిలిన చోట ఫైబరు పోగులు బయటికి వచ్చి ఉన్నాయి. లోపల ఎవరో పడేసిన బిస్కెట్ల కాగితాలు కనిపించాయి. పక్కన ఉన్న బోర్డు మీద ఇంగ్లీషులో, హిందీలో నాలుగు వాక్యాలు ఉన్నాయి గానీ తెలుగులో ఒక్క అక్షరం లేదు. తిరుగు ప్రయాణంలో మూడు గంటల సేపు పిల్లలు పాటలు పాడుకున్నారు, ఆటలు ఆడుకున్నారు, రాకెట్ గురించి మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు.

పదవీ విరమణ తర్వాత మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్ పట్టణంలో యు.ఎస్. స్పేస్ అండ్ రాకెట్ సెంటర్ అనే ప్రదర్శనశాల చూశాను. అక్కడ శాటర్న్-5 రాకెట్‌ను ఒక పొడవైన హాలులో పడుకోబెట్టి, మనుషులు దాని కింద నడిచేంత ఎత్తున నిలిపారు. మనుషులను చంద్రుడి దగ్గరికి పంపినది శాటర్న్-5 రకమే అయినా, అక్కడ ఉన్నది మాత్రం ఎన్నడూ ఎగరలేదు. ఎగరబోయే రాకెట్లకు కుదుపులు, అదుర్లు ఎంతవరకు తగులుతాయో తెలుసుకోవడానికి ఒక గోపురంలో నిలబెట్టి ఊపి చూసినది అది. అయినా 1987లో దానిని జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చి గౌరవించారు. పరీక్షలకు మాత్రమే పనికివచ్చిన యంత్రానికి కూడా అంతటి మర్యాద దక్కడం చూసి నాకు కలిగిన ఆలోచనే ఈ ఉత్తరానికి మూలం.

ఆ రాకెట్ అడుగున ఉండే ఎఫ్-1 ఇంజన్ గురించి కొంచెం చెప్పనివ్వండి. దాదాపు 5.8 మీటర్ల ఎత్తు, నోరు 3.7 మీటర్ల వెడల్పు. దాని పంపు కిరోసిన్‌నూ ద్రవ ఆక్సిజన్‌నూ రెండూ కలిపి సెకనుకు సుమారు 2,500 లీటర్లు లోపలికి తోస్తుంది. వేసవిలో మా వీధికి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరును అది రెండు సెకన్లలో ఖాళీ చేయగలదన్నమాట. అయితే నన్ను అక్కడ నిలబెట్టేసింది ఈ లెక్కలు కావు. మంట బయటికి వచ్చే గరాటును నాజిల్ అంటారు; దాని లోపలి గోడను దగ్గరగా చూస్తే అది నునుపైన రేకులా ఉండదు. చాపలో పుల్లలు పేర్చినట్టు సన్నని లోహపు గొట్టాలు పైనుంచి కిందికి పక్కపక్కన పేర్చి అతికించి ఉంటాయి. పైభాగంలో 178 గొట్టాలు మొదలై, గరాటు వెడల్పయ్యే చోట ఒక్కొక్కటి రెండుగా చీలుతుంది. ప్రతి రెండు గొట్టాల మధ్య అతుకు సన్నని గీతలా కంటికి ఆనుతుంది.

ఆ గొట్టాలలో పారేది కిరోసినే. దహన గదిలో మంట వేడి 3,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా ఉంటుంది. ఆ గొట్టాలు చేసిన నికెల్ మిశ్రలోహం 1,400 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. మరి గోడ కరగకుండా ఎలా నిలుస్తుంది? మండబోయే కిరోసిన్‌లో ఎక్కువ భాగాన్ని ముందు ఈ గొట్టాల గుండా కిందికి పంపి, పక్క గొట్టాల్లోంచి పైకి తెచ్చి, ఆ తర్వాతే దహన గదిలోకి వదులుతారు. గోడకు తగిలిన వేడిని అది లాక్కుని పోతూ ఉంటుంది. కాగితపు కప్పులో నీళ్లు పోసి కొవ్వొత్తి మీద పెడితే నీళ్లు వేడెక్కుతాయి గానీ కాగితం అంటుకోదు. ఆ ప్రయోగాన్ని నేను ఏటా తరగతిలో చేసి చూపేవాణ్ణి. పిల్లలు చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు కొట్టిన పిల్లలను ఇటువంటి గొట్టాల గోడ ముందు నిలబెడితే, కాగితపు కప్పుకూ రాకెట్‌కూ సంబంధం ఏమిటో నేను చెప్పనక్కరలేకుండా వాళ్లే పట్టుకుని ఉండేవారని నా గట్టి నమ్మకం.

నాకు ఆ అతుకులు చూడగానే మన సారవకోట మండలంలోని బుడితి గుర్తుకు వచ్చింది. ఇత్తడి, కంచు పనికి ఆ ఊరు పేరు పొందిందని మీ పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. చిన్నప్పుడు మా పెద్దనాన్నగారితో కలిసి అక్కడికి వెళ్లి, చెంబు మెడకు, పొట్టకు మధ్య అతుకు ఎక్కడ ఉందో వేలితో తడిమి వెతికిన జ్ఞాపకం నాకు ఉంది. ఎంత వెతికినా దొరికేది కాదు. అతుకు వేలికి దొరకకపోవడమే ఆ పనివాడి గొప్పతనమని పెద్దనాన్నగారు చెప్పారు. రాకెట్ ఇంజన్‌లో కూడా వందల గొట్టాల అతుకుల్లో ఒక్కటి విడిపోతే చాలు, పక్కనే ఉన్న మంటలోకి ఇంధనం కారి గోడ కాలిపోతుంది. కొలిమి ముందు కూర్చుని లోహం ఎప్పుడు పారుతుందో రంగు చూసి పోల్చగల మనిషి మన జిల్లాలో ఉన్నాడు. అతని మనవడు ఇటువంటి ఇంజన్ ఎదుట నిలబడితే, తాత చేసే పనికీ ఇంజనీరు చేసే పనికీ దూరం అంత ఎక్కువేమీ లేదని తెలుసుకుంటాడు. ఫైబర్ నమూనాలో అతుకే ఉండదు కనుక అది ఈ మాట చెప్పలేదు.

ఇక ప్రయోగ ఇంజనే ఎందుకు కావాలన్న విషయానికి వస్తాను. ఎఫ్-1 తయారవుతున్న రోజుల్లో, 1960ల మొదట్లో, దహన గదిలో మంట నిలకడగా మండకుండా అటూ ఇటూ కొట్టుకుని, ఆ ఒత్తిడి అలలతో ఇంజన్లు క్షణాల్లో ముక్కలయ్యేవి. దానికి కారణాన్ని లెక్కలతో తేల్చే వీలు అప్పట్లో లేదు. అందుకని ఇంజనీర్లు ఇంజన్ మండుతుండగానే లోపల చిన్న బాంబు పేల్చి, మంటను కావాలని చెదరగొట్టి, అది తనంతట తాను ఎంతసేపట్లో సర్దుకుంటుందో కొలిచారు. ఇంధనం చిమ్మే పళ్లెం మీద రాగి అడ్డుగోడలు పెట్టారు, రంధ్రాల కోణం మార్చారు, మళ్లీ బాంబు పేల్చారు. ఇలా పూర్తి పరిమాణపు ఇంజన్‌తో దాదాపు 2,000 పరీక్షలు జరిగాయి. చివరికి పేలుడు తర్వాత సెకనులో పదోవంతు కాలంలో మంట సర్దుకునే దశకు వచ్చింది. ఎగిరిన ఇంజన్‌ను చూస్తే ఈ కథ కనిపించదు, అది పూర్తయిన పని. పరీక్షలో అంచు కాలినది, గోడ ఉబ్బినది, పళ్లెం కరిగినది చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు. మన పిల్లలు పరీక్ష అనే మాటకు మార్కులు, ర్యాంకు అనే అర్థం ఒక్కటే నేర్చుకుంటున్నారు. వస్తువును పరీక్షించడమంటే అది ఎక్కడ విరుగుతుందో వెతకడమని వారికి చెప్పే వస్తువు ఒక్కటైనా వారి కళ్ల ముందు ఉండాలి.

పత్రికకు రాస్తున్నాను కనుక పత్రికలకు సంబంధించిన ఒక సంగతి ఇక్కడ చెప్పడం తప్పు కాదనుకుంటాను. అమెరికాలో రాబర్ట్ గాడర్డ్ అనే ఆచార్యుడు రాకెట్ చంద్రుణ్ణి చేరగలదని రాస్తే, 1920 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయంలో ఆయనను ఎగతాళి చేసింది. గాలి లేని చోట రాకెట్ దేన్ని నెట్టుకుని ముందుకు పోతుందని, హైస్కూల్లో చెప్పే పాఠం కూడా ఆయనకు తెలియదని దాని సారాంశం. గాడర్డ్ 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లోని ఆబర్న్‌లో, తన బంధువుల పొలంలో, పెట్రోలు, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే ప్రపంచపు మొదటి రాకెట్‌ను ఎగరవేశాడు. అది ఎగిరింది రెండున్నర సెకన్లు, ఎత్తు 12.5 మీటర్లు, పడింది 56 మీటర్ల దూరంలో క్యాబేజీ మడిలో. ఆ ఇంజన్ భాగాలను తిరిగి వాడి ఆయన ఆ ఏడాది మే నెలలో కట్టిన రాకెట్‌ను వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాల భద్రపరిచింది. న్యూయార్క్ టైమ్స్ తన పొరపాటును 1969 జూలై 17న, అపోలో-11 బయలుదేరిన మరునాడు, సవరణ వేసి ఒప్పుకుంది. తారాజువ్వ గాలిని నెట్టుకుని పైకి పోతుందని ఈనాటికీ చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు కూడా అనుకుంటారు. అంటే గాడర్డ్‌ను విమర్శించిన సంపాదకుడు చేసిన తప్పే మన తరగతి గదుల్లో ఇంకా జరుగుతోంది. ఇంజన్ ఎదుట పెట్టుకుని, వాయువు ఎటు పోతుంది, దాని తోపుడు ఏ గోడ మీద పడుతుంది అని చూపిస్తే ఆ అపోహ ఐదు నిమిషాల్లో తొలగిపోతుంది.

రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పీటర్-పాల్ కోట బురుజులో, 1930ల మొదట్లో గ్లుష్కో అనే ఇంజనీరు బృందం తొలి ద్రవ ఇంధన ఇంజన్లను పరీక్షించిన చోటే, రాకెట్ ప్రదర్శనశాల నడుపుతున్నారు. కోట ఉన్న ఊరు మనకూ ఉంది కనుక ఆ సంగతి విజయనగరం వారికి ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను.

మన దేశంలో చూపదగ్గ ఇంజన్లు లేవా అంటే, కొరత లేదు. వికాస్ ఇంజన్ ఫ్రాన్సు వారి వైకింగ్ ఇంజన్ పరిజ్ఞానంతో మొదలై, మన ఇంజనీర్లు అక్కడ ఏళ్ల తరబడి పనిచేసి నేర్చుకుని వచ్చి ఇక్కడ తయారు చేసుకున్నది. విక్రమ్ సారాభాయ్ పేరు అందులో ఇమిడి ఉంది. అతి చల్లని ద్రవాలతో నడిచే క్రయోజెనిక్ ఇంజన్ కథ ఇంకా గొప్పది. రష్యా ఇస్తానన్న పరిజ్ఞానం 1990ల మొదట్లో అమెరికా ఒత్తిడి వల్ల ఆగిపోతే, తయారైన ఇంజన్లు మాత్రం కొనుక్కుని, పరిజ్ఞానం మనమే సంపాదించుకోవలసి వచ్చింది. ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల దగ్గర, ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ఉంటాయి. అంత చలిలో ఉన్నవాటిని నిమిషానికి వేల చుట్లు తిరిగే పంపులతో లాగి, కొద్ది అంగుళాల దూరంలో నిప్పులోకి పంపాలి. 2010 ఏప్రిల్ 15న మన సొంత క్రయోజెనిక్ ఇంజన్‌తో బయలుదేరిన జీఎస్‌ఎల్‌వీ-డీ3 రాకెట్, హైడ్రోజన్ అందించే చిన్న టర్బోపంపు ఆగిపోవడంతో బంగాళాఖాతంలో కూలింది. మన జిల్లాలో సుమారు 190 కిలోమీటర్ల పొడవునా ఒడ్డును తాకే సముద్రమే అది. ఆ రోజు టీవీ ముందు కూర్చుని ఉన్న నాకు కళ్లనీళ్లు ఆగలేదు. తర్వాత తమిళనాడులోని మహేంద్రగిరిలో ఆ పంపును, ఇంజన్‌ను మళ్లీ మళ్లీ పరీక్షించి, 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5తో గెలిచారు. ఆ రెండు తేదీల మధ్య నాలుగేళ్లలో జరిగిన పరీక్షల్లో వాడిన ఇంజన్ భాగాల్లో ఒక్కటి, ఒక్క టర్బోపంపు అయినా సరే, కోసి లోపలి చక్రం కనిపించేలా మాకు ఇస్తే దాని ముందు చెప్పడానికి ఎన్నో పాఠాలున్నాయి. రహస్యంగా ఉంచవలసిన భాగాలుంటే అవి తీసేసి ఇచ్చినా మేము ఏమీ అనుకోము. వికాస్ రకం ఇంజన్ ఇచ్చేటట్టయితే, అందులో వాడే ఇంధనం, దాన్ని మండించే ఆక్సీకారిణి రెండూ విషపూరితాలు కనుక పూర్తిగా శుద్ధి చేసి, శుద్ధి చేసినట్టు పత్రం ఇవ్వవలసి ఉంటుంది.

తెచ్చిపెట్టడం ఒక ఎత్తు, కాపాడడం మరో ఎత్తు. హంట్స్‌విల్‌లో నేను చూసిన ఆ రాకెట్ దాదాపు 40 ఏళ్లు ఆరుబయట ఎండకు, వానకు పడి ఉండి శిథిలమైతే, దానిని బాగుచేసి, 2008లో తెరిచిన భవనంలో పైకప్పు కిందికి చేర్చారు. మన దగ్గర పరిస్థితి అంతకన్నా కష్టం. సముద్రపు గాలిలోని ఉప్పు ఉక్కునే కాదు, తుప్పు పట్టదని పేరున్న మిశ్రలోహాలను కూడా సన్నని గుంటలుగా తొలుస్తుంది. రాగి భాగాలకు చిలుము పడుతుంది. అందువల్ల ఇంజన్‌ను కూడలిలో సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి, ప్రారంభోత్సవం రోజున పూలదండ వేసి వదిలేస్తే ఐదేళ్లలో అది ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లే సరుకు అవుతుంది. దానికి గోడలు, పైకప్పు, తేమ తగ్గించే ఏర్పాటు ఉండాలి. 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ తుపాను మనకు ఏం చేసిందో చూశాం కనుక ఆ పైకప్పు రేకులది కాకూడదు. మరొక్క మాట, ఇది చిన్నదిగా కనిపించినా ముఖ్యమైనది. మన ఇళ్లలో రాగి బిందెను చింతపండుతో తోమినట్టు ఎవరైనా భక్తిగా ఆ ఇంజన్‌ను తోమి మెరిపించకుండా చూడాలి. మంట వేసిన నీలి, గోధుమ రంగు మరకలే దాని చరిత్ర. అపోలో రాకెట్ల ఎఫ్-1 ఇంజన్ భాగాలను 2013లో అట్లాంటిక్ సముద్రంలో నాలుగు కిలోమీటర్లకు పైగా లోతు నుంచి పైకి తీసినప్పుడు, వాటిని కొత్తవాటిలా చేయడానికి ప్రయత్నించలేదు. ఉప్పును కడిగి, తుప్పు ముదరకుండా ఆపి, వంగినవి వంగినట్టే, చిరిగినవి చిరిగినట్టే ఉంచారు.

పక్కనున్న విశాఖలో కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి, టీయూ-142 విమానాన్ని 2017 నుంచి ప్రజలు చూస్తున్నారు. ఆ 91 మీటర్ల జలాంతర్గామిని ఒడ్డుకు లాగి నిలబెట్టగలిగిన చోట, ఒక లారీలో పట్టే ఇంజన్‌ను తేవడం కష్టమని ఎవరూ అనలేరు. మా పిల్లలు ఆ రెండింటినీ చూడడానికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేస్తున్నారు. ఇచ్ఛాపురం వైపు వారికి ఆ దూరం రెట్టింపు దాటుతుంది. శ్రీకాకుళంలో అయితే ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయ ప్రాంగణం జాతీయ రహదారి పక్కనే ఉంది కనుక నా మొదటి సూచన అదే. విజయనగరం వారు ముందుకు వచ్చి మంచి భవనం ఇస్తామంటే నాకు అభ్యంతరం లేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో మనుషులు బాధపడుతుంటే రాకెట్ ఇంజన్ ఏమిటని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. ఆ నీటి సమస్యకు, ఆసుపత్రులకు కేటాయించిన డబ్బులో పైసా కూడా దీనికి మళ్లించమని నేను అడగడం లేదు. అయితే ఆ జబ్బుకు కారణం వెతకవలసిన మనిషి కూడా రేపు మన బడుల నుంచే రావాలి. కారణం దొరకనప్పుడు విసుగు లేకుండా ఎలా వెతుకుతారో ఆ పిల్లవాడు ఎక్కడో ఒకచోట కళ్లారా చూడాలి కదా అని ఆయనకు చెప్పాను.

చివరగా ఫలకాల గురించి. ఏ ఇంజన్ ఇచ్చినా దాని పక్కన తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఎనిమిదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యేలా రాయాలి. ఎన్నిసార్లు మండించారు, ఎన్ని సెకన్లు మండింది, ఏ పరీక్షలో ఎక్కడ దెబ్బతింది, ఎందుకు పక్కన పెట్టారు అన్న నాలుగు విషయాలు తప్పక ఉండాలి. దెబ్బతిన్న చోటును బాణం గుర్తుతో చూపాలి. పంపు, నాజిల్, దహన గది, ఇంధనం చిమ్మే పళ్లెం, గొట్టాల గోడ, వీటిలో ఒక్కొక్కదాని పని గురించి రెండేసి వాక్యాల చొప్పున నేను ఇప్పటికే ఒక నోటుపుస్తకంలో రాసి, మా వీధి పిల్లలకు చదివి వినిపించి, వారికి అర్థం కానివి తిరగరాసి ఉంచాను. బాధ్యత తీసుకున్న అధికారులు ఎవరైనా సరే అడిగిన రోజున ఆ పుస్తకాన్ని వారికి అందజేస్తాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతిక, రసాయన శాస్త్రాల ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం.